మధ్యాహ్నం మూడింటికి లేచే తేళ్లు

మా డిపార్ట్‌మెంట్‌కు విదేశం నుంచి మొదటి కార్డు వచ్చిన రోజు ఎవరూ సరిగ్గా పాఠం చెప్పలేదు. అరచేతికన్నా కాస్త పెద్ద అట్టముక్క. మీ ఫలానా వ్యాసం ప్రతి ఒకటి దయచేసి పంపగలరు అని అచ్చువేసిన రెండు వాక్యాలు, ఖాళీలో టైపు కొట్టిన మా వ్యాసం పేరు, అడుగున ఎవరిదో అర్థంకాని సంతకం. అంతే. దాన్ని చూడటానికి జువాలజీ వాళ్లు, బోటనీ వాళ్లు, ఆఫీసు గుమాస్తాలు అందరూ మా గది ముందు పోగయ్యారు. స్టాంపు నాకంటే నాకని ఇద్దరు లెక్చరర్లు కొట్లాటకు దిగారు. నేనిస్తానా? కార్డునే చెయ్యి జారనివ్వలేదు.

"ఈయన ముసలాయనా సార్, పడుచాయనా? మన పేపర్‌తోటి ఈయనకేం పని?" అని అడిగాను.

"నాకేమెరుకమ్మా? నేను చూసొచ్చిన్నా?" అన్నారు సార్. కానీ ఆయన కూడా కార్డును తిప్పి తిప్పి చూశారు. కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. మా నాన్న మిషన్ బడిలో పంతులు, అమ్మ మిషన్ దవాఖానలో నర్సు. నేను హనుమకొండలో ఎమ్మెస్సీ అయ్యి, సార్ దగ్గర పరిశోధనలో చేరాను. సార్‌ది పరకాల వైపు వ్యవసాయ కుటుంబం. ఆయనకు జీవితంలో ఒకటే ధ్యాస: మెదడుకు టైం ఎట్లా తెలుస్తుంది? గడియారం లేదు, సూర్యుడు కనబడడు, చీకటి గదిలో పెట్టినా ప్రాణికి పొద్దు సంగతి తెలుస్తుంది కదా, అది ఎక్కడి నుంచి? మనిషి మెదడును విప్పి చూడలేం కాబట్టి ఆయన తేలును పట్టుకున్నారు. వరంగల్‌లో తేళ్లకు కరువా? ధర్మసాగర్ దారిలో ఏ బండరాయిని కదిపినా ఒకటి ఉండేది. పెద్ద పట్టకారుతో పట్టి మట్టికుండలో వేసుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాళ్లం. కుండలో ఏముందని ఎవరైనా అడిగితే పెరుగని చెప్పేదాన్ని.

మా అమ్మకు మాత్రం ఇదంతా సుతరామూ గిట్టేది కాదు. "లోకంల చదువులన్ని గొడ్డువోయినయా? ఆడిపిల్లవు, తేళ్లతోటి ఏం ఆటలే?" అనేది. మళ్లీ తనే, సాయంత్రం ఇంటికి రాగానే, "ఇయ్యాల నీ తేళ్లు ఏమన్నయే?" అని అడిగేది.

తేళ్లు నిజంగానే అనేవి. తేలు నరాల తాడుకు వెంట్రుకకన్నా సన్నని తీగ ఆనిస్తే, నరంలో పుట్టే కరెంటు యంత్రంలో పెద్దదై స్పీకర్‌లోంచి టక్ టక్ మని వినిపించేది. నరం చురుగ్గా ఉంటే పేలాలు వేగినట్టు చిటపటలాడేది, మందంగా ఉంటే ఎప్పుడో ఒక టక్కు. గంట గంటకూ ఎన్ని టక్కులో లెక్కపెట్టి గీత గీయడం నా పని. తేలు రాత్రి తిరిగే పురుగు. పొద్దుగూకగానే దాని నరం జోరందుకుంటుందని అందరికీ తెలిసిందే. మా తేళ్లు మాత్రం ఇంకోసారి కూడా లేచేవి. మధ్యాహ్నం మూడు దాటగానే స్పీకర్ చిటపటలాడటం మొదలయ్యేది. నాలుగున్నర, అయిదు దాకా ఆడి మళ్లీ మందగించేది. అట్లా ఒక్క తేలు కాదు, పెట్టిన ప్రతి తేలూ. ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ రాయలేదు.

"ఈ రెండో లేవడం మనదమ్మా," అనేవారు సార్, తన పొలంలో పడిన బావి గురించి చెప్పినట్టు.

మా రికార్డింగులన్నీ ఎండాకాలం సెలవుల్లోనే జరిగేవి. మిగతా రోజుల్లో ఆ గదిలో పిల్లల ప్రాక్టికల్స్, వాళ్ల గోల. మే నెలలో వరంగల్ రాళ్లు కాలుతుంటే, మేం తలుపుకు వట్టివేళ్ల తడక కట్టించుకుని, నీళ్లు కొట్టించుకుని, దాని వెనకాల ఫ్యాను పెట్టుకుని, ఆ వాసనలో హాయిగా కూర్చుని తేళ్ల టక్కులు లెక్కపెట్టేవాళ్లం. అదే మా వ్యాసం. అచ్చయింది, కార్డు వచ్చింది, తర్వాత ఇంకొన్ని కార్డులు వచ్చాయి. ప్రతిదానికీ నేనే కవరు అంటించి ప్రతులు పంపాను.

ఆ తర్వాత రెండేళ్లకు ప్రొఫెసర్ పోస్టు ఖాళీ పడింది. సార్ అప్పటికే రెండుసార్లు ఇంటర్వ్యూకు వెళ్లి రీడర్‌గానే, అంటే ప్రొఫెసర్‌కు ఒక మెట్టు కిందే, తిరిగొచ్చారు. ఒకసారైతే ఆయన దగ్గర చదువుకున్నవాడికే వచ్చింది. రిటైరయ్యేలోగా ఇదే ఆఖరి ఖాళీ. ఇది పోతే ఇంక లేదు. ఆ సంగతి ఆయన నోటితో అనలేదు గానీ, ఇంట్లో చాలాసార్లు అనుకున్నట్టున్నారు. ఎందుకంటే సార్ భార్యే ఒకరోజు నన్ను పట్టుకుని, "ఈసారన్న వస్తదా బిడ్డా?" అని అడిగింది. ఎందుకు రాదమ్మా, వస్తుందన్నాను.

ఈసారి దరఖాస్తులో ఒక కొత్త మెలిక పెట్టారు. రాసిన వ్యాసాలు చెబితే చాలదట. వాటిని ఇతర శాస్త్రజ్ఞులు తమ వ్యాసాల్లో ఎక్కడెక్కడ ప్రస్తావించారో కూడా రాయాలట. సైటేషన్ అంటే అదే. "మనల్ని ఎవరు ప్రస్తావించిన్రో మనకెట్ల తెలుస్తదమ్మా? పొలమారితే తెలుస్తదా?" అని సార్ నవ్వారు.

దానికో పుస్తకం ఉంటుందని హైదరాబాద్ నుంచి వచ్చిన ఎవరో చెప్పారు. ప్రపంచంలో ఎవరిని ఎవరు ప్రస్తావించారో ఏటేటా లావుపాటి సంపుటాలుగా వేస్తారట. వరంగల్‌లో లేదు, హైదరాబాద్‌లో ఒక పెద్ద లైబ్రరీలో ఉంది. నేను వెళ్తానన్నాను. ఒక్కదాన్నే పంపేది లేదని అమ్మ. సరేనని నాన్న కాజీపేటలో నాతో పాటు రైలెక్కాడు. లైబ్రరీలో నాన్న పేపరు ముందేసుకుని కునుకు తీశాడు. నేను ఆయన భూతద్దం తీసుకుని సంపుటం తెరిచాను. అబ్బబ్బ, ఏం అక్షరాలవి! చీమలు బారులు తీరినట్టు పేజీ నిండా పేర్లు. సార్ పేరు వెతికి పట్టుకునేసరికి నా కళ్లు నీళ్లు కారుతున్నాయి. ఉంది! మా వ్యాసం ఉంది. దాని కింద ఒక పేరు ఉంది. ఆ పేరు నాకు తెలుసు. మొదటి కార్డు పంపినాయనే!

"నాన్నా, దొరికిండు!" అని అరిచాను. అంత పెద్ద హాలులో ఒక్కసారిగా తలలన్నీ నావైపు తిరిగాయి.

నాన్న ఉలిక్కిపడి లేచాడు. "ఎవడే? ఏం ఎత్కపోయిండు?"

మర్నాడు డిపార్ట్‌మెంట్‌లో మిరపకాయ బజ్జీలు, చాయ్. సార్ తన గుండ్రటి దస్తూరీతో ఆ సైటేషన్‌ను దరఖాస్తులో రాస్తుంటే నేను పక్కన నిలబడి చూశాను. అందరూ సంతోషించారు. కానీ నాకు నిద్ర పట్టలేదు. ఆ పుస్తకంలో ఎవరు ప్రస్తావించారో ఉంది, ఏమన్నారో లేదు. ఎంతో దూరాన ఉన్న మనిషి మా తేళ్ల గురించి ఏదో మాట అన్నాడు. ఏమన్నాడు? మెచ్చుకున్నాడా? తన తేళ్లు కూడా మూడింటికే లేస్తాయా? ఇవి తెలియకుండా ఎట్లా ఊరుకుంటాను? ఆయన మాకు పంపినట్టే, మీ వ్యాసం ప్రతి ఒకటి దయచేసి పంపగలరని నేనూ ఆయనకొక కార్డు టైపు చేసి పోస్టు చేశాను.

క్రిస్మస్ ముందు కవరు వచ్చింది. సార్ అప్పుడు తేళ్లకు బొద్దింకలు వేస్తున్నారు. నిలబడే చింపాను, నిలబడే చదివాను. మా ప్రస్తావన చివరి పేజీలో ఉంది. ఒకటే వాక్యం. ఈ జట్టు చెప్పిన మధ్యాహ్నపు చురుకుదనం మా ప్రయోగాల్లో ఒక్క తేలులోనూ కనిపించలేదు, అని.

నా చెవులు వేడెక్కాయి. నా కోపం సంగతి మా ఇంటిల్లిపాదికీ తెలుసు. "వాళ్ల మొహం! వాళ్ల తేళ్లకేం తెలుసు సార్? అవి వేరే జాతి. వాళ్లకు లెక్క పెట్టరాకపోతే మనదేం తప్పు?"

సార్ చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, కాగితాలు తీసుకున్నారు. చాలాసేపు చదివారు. "జాతి వేరే గానీ మరీ వేరే కాదమ్మా. ఎడారి తేళ్లు. మంచిగనే చేసిన్రు," అన్నారు. దరఖాస్తు అప్పటికే పోయింది. అందులో మా గొప్పగా రాసిన ఒకే ఒక్క సైటేషన్, మమ్మల్ని కాదన్న సైటేషన్.

"మళ్ల చేద్దాం," అన్నారు సార్. "మనది నిజమైతే మళ్ల కనవడ్తది."

పరీక్షల సెలవుల్లో, ఫిబ్రవరిలో గది దొరికింది. తేలును పెట్టి, తీగ ఆనించి, స్పీకర్ ముందు కూర్చున్నాం. మూడైంది, మూడున్నరైంది. ఎప్పుడో ఒక టక్కు. నాలుగైంది. నేను లేచి స్పీకర్‌ను చేత్తో తట్టాను, తీగలన్నీ ఊడదీసి మళ్లీ కలిపాను. ఏం లేదు. పొద్దుగూకాక మాత్రం శుభ్రంగా చిటపటలాడింది. తేళ్లను మార్చి మార్చి చూశాం. ఎన్ని పెట్టినా ఇంతే. చలికాలం కదా, సీజన్ తేడా అయ్యుంటుందని తోటి లెక్చరర్ ఒకాయన ధైర్యం చెప్పారు. సార్ తలూపారు గానీ ఆ నెలంతా ఆయన చాయ్ సగం తాగి వదిలేసేవారు. ఇంటర్వ్యూ జూన్‌కు వాయిదా పడింది.

మళ్లీ మే వచ్చింది. ఎప్పటిలాగే తలుపుకు తడక కట్టారు. మేం ఎప్పటిలాగే తేలును పెట్టి కూర్చున్నాం. మధ్యాహ్నం సరిగ్గా మూడుకు మా అటెండర్ అన్న, మనిషి నిదానమే గానీ టైం అంటే టైమే, చాయ్ తాగి మూతి తుడుచుకుని, బకెట్ తెచ్చి తడక మీద నీళ్లు కొట్టాడు. ధన్, ధన్ మని చెంబు చప్పుడు. వట్టివేళ్ల వాసన గుప్పుమంది. కొంతసేపటికి స్పీకర్ టక్ టక్ మంది. ఇంకొంతసేపటికి పేలాలు.

"వచ్చింది! సార్, వచ్చింది!" అని ఎగిరి గంతేశాను. దొంగ సచ్చిన తేలు, ఇన్నాళ్లూ ఎంత ఏడిపించింది!

సార్ లేవలేదు. ఆయన తలుపు వైపు చూస్తున్నారు. నేనూ చూశాను. తడక నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఇన్నేళ్లుగా బకెట్ చప్పుడు, దాని వెనకే తేలు చప్పుడు, రెండూ ఒకే వరసలో నా చెవిన పడుతూనే ఉన్నాయి. కూర్చుండిపోయాను.

"అన్నా," అని పిలిచారు సార్. అటెండర్ ఆయనకన్నా చిన్నవాడైనా సార్ అన్నా అనే పిలిచేవారు. "రేపటి సంది తడకకు నీళ్లు కొట్టకు."

"గిదేంది సార్? ఎండకు సచ్చిపోరా?"

"సావంగానీ, నువ్వు కొట్టకు."

ఆ వారం మా బతుకు బతుకు కాదు. గది ఇటుకల బట్టీ అయింది. సార్ చొక్కా వీపుకు అతుక్కుపోయేది. పక్క గదుల వాళ్లు వచ్చి, ఏ దేవునికి మొక్కుకున్నరని అడిగిపోయేవాళ్లు. నా పని నేను చేస్తనంటే వద్దంటాన్రని అటెండర్ అన్న అలిగి కూర్చున్నాడు. మూడింటికి తేలు లేవలేదు. మర్నాడూ లేవలేదు. ఆ తర్వాత సార్ అన్నను బతిమాలి, పొద్దున పదింటికి నీళ్లు కొట్టమన్నారు. కొట్టాడు. మా తేలు పదింటికి లేచింది. ఒంటిగంటకు కొట్టమన్నారు. ఒంటిగంటకు లేచింది.

ఇంకేం చూడాలి? మొదటి వాన పడగానే తేళ్లు బయటికొస్తాయని వరంగల్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. గాలిలో తేమ తగిలితే తేలు నరం మేలుకుంటుంది. మేం ఎండాకాలంలో తడక కట్టుకుని చల్లగా కూర్చుని, రోజూ మధ్యాహ్నం దానికో చిన్న వాన కురిపించి, అది లేచిందని ప్రపంచానికి చాటాం. మేం కొలిచిన గడియారం తేలుది కాదు, మా అటెండర్ అన్నది!

ఆ మాట నేను పైకే అనేశాను. సార్ నవ్వడం మొదలుపెట్టారు. అట్లా నవ్వగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. బల్ల మీద చెయ్యి కొట్టి, కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వారు. "మస్తు చేసినం పో అమ్మా! మస్తు చేసినం!" నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరికీ ఒకేసారి ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. రెండు వారాల్లో ఇంటర్వ్యూ.

తోటి లెక్చరర్లు అందరూ ఒకటే మాట. ఇప్పుడెందుకు చెప్పడం? పోస్టు రానీ, తర్వాత నెమ్మదిగా రాసుకోవచ్చు. నేనూ అదే అన్నాను, ఇంకాస్త గట్టిగానే అన్నాను. "ఒక్క నెల ఆగితే తేళ్లేమన్న సచ్చిపోతయా సార్? మీకిది ఆఖరిది కదా!"

"ఎరుకే," అన్నారు సార్. కార్డులు పెట్టిన డబ్బా తెరిచి బల్ల మీద కుమ్మరించారు. "ఈళ్లందరు మన పేపర్ తెప్పించుకున్నరు కదమ్మా. సదివి నమ్మినోడు ఎక్కడనో గది మూసుకోని, మూడింటికి లేస్తదని తేలు ముంగట కూసోని ఉంటడు. ఇయ్యాలనే కూసోని ఉంటడు. మనం నెల ఆగితే వాడు నెల కూసుంటడు."

ఆ సాయంత్రమే ఇద్దరం కూర్చుని చిన్న సవరణ వ్యాసం రాశాం. మధ్యాహ్నపు చురుకుదనం తేలులో పుట్టింది కాదని, తడి తడక వల్ల గాలిలో పెరిగిన తేమ వల్ల వచ్చిందని, మా మొదటి వ్యాసం తప్పని. చివర్లో, రోజూ మూడు గంటలకు తప్పకుండా తడకలు తడిపినందుకు మా అటెండర్‌కు కృతజ్ఞతలని సార్ రాయించారు.

అన్నకు ఆ సంగతి చెబితే భయపడ్డాడు. "నా తప్పు పేపర్ల ఏస్తాన్రా సార్?"

"తప్పు మాది, టైం నీది. ఫికర్ జెయ్యకు," అన్నారు సార్.

ఇంటర్వ్యూలో ఏం జరిగిందో సార్ తర్వాత ఇంత ముక్తసరిగా చెప్పారు. కమిటీలో ఒకాయన ఆయన్ని బాగా మెచ్చుకున్నాడట. మీ వ్యాసాలన్నిట్లో కొత్తదనం ఉన్నది ఈ మధ్యాహ్నపు సంగతే, విదేశంలో కూడా ప్రస్తావించారు అన్నాడట. సార్, అది తప్పని రెండు వారాల కిందనే తేలిందండీ అన్నారట. అయితే వాళ్లెందుకు ప్రస్తావించారని ఆయన అడిగితే, మాది తప్పని చెప్పడానికే అన్నారట. తర్వాత ఎవరూ ఏమీ అడగలేదట.

పోస్టు వేరే ఆయనకు వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. సార్ భార్యకు మొహం చూపించలేకపోయాను. అమ్మ అన్నం పెడుతూ, "ఆయన పిచ్చోడా, మంచోడా?" అని అడిగింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

సార్ రీడర్‌గానే రిటైరయ్యారు. నేను ఊళ్లోనే ఒక కాలేజీలో లెక్చరర్‌నయ్యాను. కానీ ఆ పుస్తకం పిచ్చి నన్ను వదల్లేదు. హైదరాబాద్‌లో ఏ పని పడినా లైబ్రరీకి వెళ్లి, కొత్త సంపుటం తీసి, సార్ పేరు చూసేదాన్ని. మొదట్లో పెద్దగా ఏమీ లేదు. ఎనభైల చివర్లో ఒకసారి వెళ్లినప్పుడు మాత్రం భూతద్దం తుడుచుకుని మళ్లీ చూశాను. మా చిన్న సవరణ వ్యాసం కింద పేర్లు. ఒకటి కింద ఒకటి. తేమ తగిలితే నరం ఎట్లా మేలుకుంటుందని ఏయే దేశాల్లోనో వెతుకుతున్నారు. మొదట మమ్మల్ని కాదన్న ఆయన కూడా అందులో ఉన్నాడు. అన్నీ కాగితం మీద రాసుకుని, రైలు దిగీ దిగగానే రిక్షా ఎక్కి నేరుగా సార్ ఇంటికి వెళ్లాను.

మండుటెండ. సార్ ముందు గదిలో బనియన్‌తో కూర్చుని ఉన్నారు. చెంబెడు నీళ్లిచ్చారు. నేను నోరు తెరవకముందే అడిగారు.

"మొదటి పేపర్ కింద కొత్తయి ఏమన్న ఉన్నయా అమ్మా?"

నాకు మొదట అర్థం కాలేదు. "లేవు సార్. ఈ మధ్య ఒక్కటి కూడా లేదు."

"కరెక్టేనా? మంచిగ చూసినవా?"

"చూసిన సార్. ఎవ్వరూ దాన్ని ఎత్తుత లేరు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "బతికినం పో," అన్నారు. "ఇంక ఎవడు మూడింటికి కూసోని లేడన్నట్టు."

ఇన్నేళ్లూ ఆయన దాని గురించే భయపడుతూ ఉన్నారని నాకు అప్పుడు తెలిసింది. ప్రొఫెసర్ కాలేదని నేను పళ్లు కొరుక్కుంటూ తిరిగిన ఇన్నేళ్లూ. బ్యాగులోంచి నేను రాసుకొచ్చిన కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను. "రెండో దానికి వచ్చినయి సార్. చూడండి."

ఆయన కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశారు. వేలితో ఒక్కొక్క పేరూ తాకారు. ఆఖరి పేరు దాకా వచ్చి తలెత్తారు.

"ఏమన్నరట?"

"పుస్తకంల ఉండదు కద సార్. ఎవరన్నదే ఉంటది."

"మరింక కూసున్నవేందమ్మా?" అన్నారు సార్. "ఆ బల్ల మీద ఖాళీ కార్డులున్నయి, తీస్కరా పో. రాద్దాం."